ప్రయోక్తగా విజయా మెహతా

నాటకాన్ని రంగం మీదికి తెచ్చే వ్యక్తికి తెలుగులో 'ప్రయోక్త' అనే మంచి మాట ఉంది. సంస్కృత వ్యాకరణం ప్రకారం దీనికి స్త్రీలింగ రూపం 'ప్రయోక్త్రి'. తెలుగులో ఆ రూపాన్ని ఎవరూ వాడరు. వాడవలసిన సందర్భాలు మన రంగస్థలానికి ఎంత తక్కువగా వచ్చాయో దీన్ని బట్టి ఊహించవచ్చు. మహారాష్ట్రలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఆ సందర్భం పక్కింట్లోనే ఉంది. నటిగా పేరు పొంది, అంతకు మించి ప్రయోక్తగా ఒక తరాన్ని తీర్చిదిద్దిన విజయా మెహతాను గురించి మనం తెలుసుకోవలసింది అందుకే.

ఆమె 1934లో బరోడాలో జన్మించారు. బొంబాయిలో ఇబ్రహీం అల్కాజీ, ఆది మర్జ్‌బాన్‌ల దగ్గర నాటకవిద్య అభ్యసించారు. 1960లో విజయ్ టెండూల్కర్, అరవింద్ దేశ్‌పాండే, శ్రీరామ్ లాగూ మొదలైనవారితో కలిసి 'రంగాయన్' స్థాపించారు. అయొనెస్కో 'కుర్చీలు' మరాఠీలోకి వచ్చినా, ఖానోల్కర్ 'ఏక్ శూన్య బాజీరావ్' 1966లో ప్రదర్శనకు నోచుకున్నా ఆమె చొరవ వల్లనే. 'సత్యకథ' పత్రికలో 'సుల్తాన్' అనే ఏకాంకిక చూసి, అప్పటికి పేరు లేని మహేశ్ ఎల్కుంచ్వార్‌ను ప్రేక్షకుల ముందుకు తెచ్చింది కూడా ఆమే.

తర్వాత 1970 దశకంలో ఆమె వృత్తి నాటకరంగం వైపు వెళ్లారు. ప్రయోగం అక్కడితో ముగిసి టిక్కెట్ల నాటకం మొదలైందని ఒక అభిప్రాయం ఉంది. ఈ విభజన మాకు సమ్మతం కాదు. కొద్దిమంది సభ్యుల ముందు ఏ నాటకమైనా ఆడవచ్చు, కాదనేవారుండరు. టిక్కెట్టు కొని కుటుంబంతో వచ్చిన ప్రేక్షకుణ్ణి అతనికి ఇష్టం లేని ప్రశ్న ముందు కూర్చోబెట్టడం అంతకంటె కష్టమైన పని.

జయవంత్ దళ్వీ 'బారిస్టర్' నాటకాన్నే తీసుకుందాం. దీనికి ఆమె దర్శకత్వం వహించారు, తర్వాత దీన్నే 'రావ్ సాహెబ్' పేరుతో హిందీ చలనచిత్రంగా తీశారు. ఇంగ్లండులో చదివి వచ్చిన బారిస్టరు, అతని ఇంట అద్దెకున్న వారిలో భర్తను పోగొట్టుకున్న యువతి రాధిక, ఏనాడో వితంతువై ఆ ఇంట్లోనే బతుకు వెళ్లదీసిన మౌసి, అంటే పిన్ని. కథ ఈ ముగ్గురిదే. ఆచారాన్ని ధిక్కరించమని రాధికకు చెప్పే బారిస్టరుకు తాను ముందుకు రావలసిన క్షణంలో ధైర్యం చాలదు.

1881లో రాజమండ్రిలో కందుకూరి జరిపించిన వితంతు వివాహం సంగతి తెలిసినవారికి, 'కన్యాశుల్కం' చదివినవారికి ఈ బారిస్టరు కొత్తవాడు కాడు. గిరీశం వెంటనే గుర్తుకొస్తాడు. అయితే ఒక భేదం ఉంది. గిరీశానికి సంస్కరణ ఒక ఎత్తుగడ, కనుక మనం నవ్వి తప్పించుకోగలం. బారిస్టరు చిత్తశుద్ధి ఉన్నవాడు. అతణ్ణి చూసి నవ్వలేం. మంచివాడి పిరికితనం మోసగాడి మాటకంటె ఎక్కువ హాని చేస్తుందని ఈ కథ చూపిస్తుంది.

చిత్రంలో మౌసి పాత్రను విజయా మెహతాయే ధరించారు. ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం వచ్చింది ఆ పాత్రకే. పురస్కారం మాట అటుంచితే, ప్రయోక్త ఏ పాత్రను తనకోసం ఉంచుకున్నారో గమనించాలి. నాటకం పేరు బారిస్టరుది. వాదోపవాదాలూ అతనివే. కాని ఆ మాటల ఖరీదు ఎంతో తెలిసిన మనిషి మౌసి ఒక్కతే. ఆచారం తనను ఏం చేసిందో తెలుసు కాబట్టే రాధిక పక్షాన నిలబడుతుంది. కథకు కేంద్రం ఎక్కడుందో చెప్పడానికి ఆమె వ్యాసం రాయలేదు, వెళ్లి ఆ పాత్రలో నిలుచున్నారు. మా దృష్టిలో ఇదే విమర్శ.

1985లో వచ్చిన ఎల్కుంచ్వార్ 'వాడా చిరేబందీ' మరో ఉదాహరణ. విదర్భలో చితికిపోయిన దేశ్‌పాండేల ఇల్లు, తండ్రి చావుకు బొంబాయి నుంచి వచ్చిన కొడుకు, తుప్పు పట్టిన ట్రాక్టరు, వేళ ఎంతయిందని పదేపదే అడిగే ముసలి నాయనమ్మ. ఆస్తి గొడవల నాటకంగా ఆడితే అదొక సంసారిక నాటకం, అంతే. కాని ఇందులో బరువంతా సంభాషణల మధ్య ఖాళీలో ఉంది. కోడలు రాత్రివేళ కుటుంబపు నగలన్నీ ఒంటిమీద పెట్టుకునే ఘట్టంలో మాటలకంటె ఆ నగలే ఎక్కువ మాట్లాడతాయి. ఇటువంటి రచనను వృత్తి రంగస్థలానికి తేవడం రాజీపడినవారి పని కాదు.

జర్మనీలో ఫ్రిట్జ్ బెన్నెవిట్జ్‌తో పనిచేయడం, అక్కడి నటులచేత శాకుంతలం, 'హయవదన' ఆడించడం, 1993 నుంచి బొంబాయి నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ బాధ్యత వహించడం వేరే వ్యాసానికి తగిన విషయాలు. 1988 నాటి 'పెస్తన్‌జీ' చిత్రంలో ఈ బిగువు మాకు కనిపించలేదు. 2012లో వెలువడిన ఆత్మకథకు ఆమె పెట్టుకున్న పేరు 'ఝిమ్మా'. మన చెమ్మచెక్కలాగే ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ ఆడే ఆట అది. ఒక్కరే ఆడేది కాదు.

'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన 1892లో జరిగింది. మధురవాణిని మన రంగం మీద స్థానం నరసింహారావు ధరించారు, తర్వాత ఎందరో నటీమణులు ధరించారు. బుచ్చమ్మ వైపు నుంచి, మీనాక్షి వైపు నుంచి ఆ నాటకాన్ని చదివి ప్రయోగించే పని మరాఠీ మాట్లాడే ఊళ్లో పెరిగిన తెలుగు విద్యార్థిని ఎవరైనా తలపెడితే, ఆమె మొదట 'రావ్ సాహెబ్' చూడాలి, చూసి మౌసి దగ్గర ఆగాలి.