నేర్పించి ఇంటికి పంపండి

తాటిచెట్టు మీంచి పడి మంచాన పడ్డ గీత కార్మికులు మా వరంగల్ పల్లెలకు కొత్త కాదు. మోకు జారి వెన్నుపాము దెబ్బతింటే కాళ్లతోపాటు పేగూ మూత్రసంచీ కూడా చెప్పినట్టు వినవు. కాళ్ల సంగతి అందరూ అడుగుతారు. దొడ్డికి ఎలా వెళ్తున్నాడని ఎవరూ అడగరు.

అలా పడ్డ మా బావకు ఆ పని అక్కా నేనూ వంతులేసుకుని చేస్తాం. పొద్దున చాయ్ తాగిన అరగంటకు మొదలుపెడతాం. కడుపులో వేడి పడితే పేగు కదులుతుంది. ఎడమపక్కకు తిప్పి, గ్లౌజుకు జెల్లీ రాసి, వేలిని లోపల 15, 20 సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పి ఆగుతాం. కొన్ని నిమిషాలకు మళ్లీ. వేళ తప్పకూడదు, తొందర పడకూడదు. దెబ్బ వెన్నుపాము చిట్టచివర తగిలిన వాళ్లకు పేగు ఇలా స్పందించదు. మలాన్ని వేలితోనే తీయాలి.

ఛాతీ వెనక ఆరో పూసకు గానీ ఆపైన గానీ దెబ్బ తగిలితే మరో గండం ఉంది. మూత్రం నిండినా, మలం గట్టిపడి అడ్డుపడినా మనిషికి తెలియదు గానీ ఒంటికి తెలుస్తుంది. రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. తగ్గించమని మెదడు పంపే సంకేతం దెబ్బ దాటి కిందికి దిగదు. మూత్రసంచి నిండితే ఇలా ఎందుకవుతుందో ఇంగ్లండ్‌లో పరిశోధకులు గట్‌మన్, విటరిడ్జ్ 1947లోనే రాశారు. డాక్టర్లు దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు.

‘బామ్మర్దీ, తల పగుల్తాంది’ అని బావ అన్నాడంటే మొహం ఎర్రబడి చెమటలు పోస్తుంటాయి. వెంటనే కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించి, బట్టలు వదులు చేస్తాం. మూత్రం పైపు మెలిపడిందా, బ్యాగు నిండిందా చూస్తాం. అదేం కాకపోతే మలం సంగతి. వేలు తగిలినా బీపీ ఇంకా పెరగొచ్చు కాబట్టి ముందు లిగ్నోకైన్ జెల్లీ పెట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి. ఆలస్యమైతే మెదడులో రక్తనాళం చిట్లొచ్చు.

ఇలా పైన దెబ్బ తగిలిన వాళ్లలో చాలామందికి పై బీపీ మామూలుగా 90–110 మధ్యే ఉంటుంది. 140 చూసి ఫర్వాలేదనుకుని తలనొప్పి గోళీతో పంపేస్తే ప్రాణం మీదికొస్తుంది.

2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడకుండా కాపాడే ఆ తాళ్లు ప్రతి గీత కార్మికుడికీ అందాలి. ఇప్పటికే పడ్డవాళ్లను కాపాడాల్సింది ఇంట్లోవాళ్ల చేతులే. ఆసుపత్రిలో ఉండగానే నర్సు దగ్గరుండి వాళ్లచేత ఈ మలం తీసే పని చేయించాలి. రోగి మామూలు బీపీ ఎంతో, తల పగిలే నొప్పి వస్తే ఏం చేయాలో తెలుగులో రాసిన చీటీ ఇవ్వాలి. ఈ రెండూ కాకుండా ఎవరినీ డిశ్చార్జి చేయొద్దు.