తెలుగు ప్రాచీనతా చర్చ - పురావస్తు ఆధారాల వినియోగం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు ఎంత పాత భాష అన్న ప్రశ్నకు శాసనాలనూ, తవ్వకాల్లో దొరికిన వస్తువులనూ సాక్ష్యాలుగా చూపడం గత రెండు దశాబ్దాలుగా పరిపాటి అయింది. ఆ సాక్ష్యాలు చెప్పేదెంత, చర్చలో వాటిచేత చెప్పిస్తున్నదెంత అన్న తేడాను భట్టిప్రోలు, అమరావతి, కీసరగుట్ట, కలమళ్ళ ఆధారాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వయసు లెక్కకే పరిమితమైన చర్చ ఆ రాళ్ల మీద నమోదైన మనుషులను మరుగుపరుస్తున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాచీన హోదా, శాసనభాష, లిపి, కాలనిర్ణయం, అమరావతి, కీసరగుట్ట, కలమళ్ళ.

1. ఉపోద్ఘాతం:
2004లో తమిళానికి ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వం వెయ్యేళ్లకు పైబడిన చరిత్రను ప్రమాణంగా తీసుకుంది. 2005లో ఆ ప్రమాణాన్ని 1500 - 2000 ఏళ్లకు పెంచింది. తెలుగు, కన్నడ భాషలకు 2008 అక్టోబరు 31న ఆ హోదా ప్రకటించారు. నన్నయ భారతం 11వ శతాబ్దికి చెందినది. అందువల్ల కావ్యసాహిత్యంతో మాత్రమే ఆ గడువును అందుకోవడం తెలుగుకు సాధ్యం కాదు. చర్చ సహజంగానే శాసనాల వైపు, బౌద్ధస్థలాల వైపు మళ్లింది. అంతవరకు పండితుల మధ్యనే ఉన్న విషయాలు పత్రికలకూ, సభావేదికలకూ చేరాయి. పురావస్తు పరిశోధన పట్ల సామాన్య పాఠకులకు ఆసక్తి కలగడం మేలైన పరిణామమే. అయితే ఒక సంఖ్యను దాటవలసిన అవసరం నుంచి పుట్టిన చర్చ ఆధారాలను ఏ విధంగా చదివిందన్నది పరిశీలించవలసిన అంశం.

2. లిపి వేరు, భాష వేరు:
1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో ధాతుకరండాలను వెలికితీశారు. వాటిమీది బ్రాహ్మీ లేఖనాలను బ్యూలర్ పరిష్కరించారు. అక్షరాల రూపంలోనూ, అచ్చుల గుర్తులను వాడిన తీరులోనూ ఇతర బ్రాహ్మీ లేఖనాలకు భిన్నమైన విశేషాలు వీటిలో ఉన్నాయి. లిపి చరిత్రలో వీటికి గల ప్రాముఖ్యానికి కారణం అదే. అయితే 'తెలుగు భట్టిప్రోలులో పుట్టింది' అన్న మాట ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. ఆ కరండాల మీది భాష ప్రాకృతం. ఒక లిపి పరిణామక్రమంలో తొలి దశను చూపడం, ఒక భాష ఉనికిని చూపడం వేర్వేరు విషయాలు. ఈ రెండింటినీ కలిపివేసినప్పుడు అసలు సమాచారం పక్కకు పోతుంది. కుబేరక రాజు పేరు, ఒక గోష్ఠిలోని సభ్యుల పేర్లు ఆ లేఖనాలలో ఉన్నాయి. క్రీస్తు పూర్వమే కృష్ణా తీరంలో మనుషులు సంఘంగా ఏర్పడి ధర్మకార్యం చేశారన్న వాస్తవం చర్చలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

3. ఒంటరి పదం - వ్యాకరణం గల పదం:
అమరావతి శిలాఫలకం మీది 'నాగబు' అన్న పదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. సంస్కృత ప్రాకృత నామానికి 'బు' ప్రత్యయం చేరి తెలుగు పదమైందని వివరించడానికి వీలున్న మాట ఇది. కాని ఇది వాక్య సందర్భం లేని మూడక్షరాల పదం. అమరావతి దాతలలో 'నాగ' శబ్దం గల వ్యక్తినామాలు ఉన్నాయి. కనుక ఇది ఒక పేరులోని భాగం కావచ్చునన్న సందేహానికి కూడా తావుంది. దీన్ని సంభావ్యతగా చెప్పడం శాస్త్రం. 'తొలి తెలుగు పదం' అని నిర్ధారించడం అభిమానం.

కీసరగుట్ట బండమీది 'తొలుచువాండ్రు' స్థితి ఇందుకు భిన్నమైనది. విష్ణుకుండినుల కాలానిదిగా, సుమారు 5వ శతాబ్దికి చెందినదిగా భావిస్తున్న ఈ పదంలో 'తొలుచు' అనే తెలుగు ధాతువు, 'వాండ్రు' అనే బహువచన రూపం స్పష్టంగా ఉన్నాయి. నామానికి చేరిన ఒక్క ప్రత్యయం కన్నా క్రియాధాతువు, దాని మీద ఏర్పడిన కర్తృవాచకం, బహువచనం కలిసి ఒక భాషను బలంగా పట్టిస్తాయి. కాలం రీత్యా వెనుకటిదైన 'నాగబు' కన్నా తరువాతిదైన 'తొలుచువాండ్రు' భాషాశాస్త్ర దృష్టితో గట్టి సాక్ష్యం. పాతదే గొప్పదన్న కొలమానం ఈ తేడాను పట్టించుకోదు.

4. కలమళ్ళ - అంకెల చిక్కు:
వై.ఎస్.ఆర్. కడప జిల్లా కలమళ్ళలో లభించిన రేనాటి చోళుడు ధనంజయుని శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పరిగణిస్తున్నారు. దాని కాలం క్రీ.శ. 575 అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే శాసనంలో శకసంవత్సరం లేదు. లిపి తీరునూ, రాజవంశ క్రమాన్నీ బట్టి పండితులు అంచనా వేసిన కాలమిది. ఇటువంటి అంచనాకు ముందూ వెనుకా కొన్ని దశాబ్దాల వెసులుబాటు ఉంటుంది. చర్చలో మాత్రం 'సుమారు' అన్న మాట జారిపోయి 575 జన్మసంవత్సరంలా స్థిరపడింది.

మరొక విషయం గమనార్హం. 2008 నుంచి 1500 ఏళ్లు వెనక్కి లెక్కిస్తే క్రీ.శ. 508 వస్తుంది. 575 నాటి శాసనం ఒక్కటే ఆధారమైతే గడువుకు 67 ఏళ్లు తక్కువ. ఈ కొరతను పూరించే భారం 'నాగబు' మీద, గాథాసప్తశతిలోని 'అత్త', 'పొట్ట' వంటి పదాల మీద పడింది. విడి పదాలకు మోయలేనంత బరువు పెట్టడానికి కారణం ఆ పదాలలో లేదు, నియమంలో ఉంది. 1500 ఏళ్ల గీతకు ఇవతల ఉన్న భాష అప్రాచీనమనీ, అవతల ఉన్నది ప్రాచీనమనీ పురావస్తుశాస్త్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ గీత పరిపాలనా సౌకర్యం కోసం గీసినది.

5. అడగని ప్రశ్నలు:
పురావస్తుశాస్త్రానికి వస్తువు ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటు, పొర, పక్కనున్న వస్తువులు అంతే ముఖ్యం. అమరావతి స్తూపం విషయంలో ఆ సమాచారం చాలావరకు చేజారింది. 1797లో కోలిన్ మెకంజీ చూసేనాటికే అక్కడి రాళ్లను కట్టడాలకు తరలిస్తున్నారు. తరువాత ఎన్నో ఫలకాలు లండన్‌కూ, మద్రాసు మ్యూజియానికీ చేరాయి. స్థానం నుంచి వేరైన రాయికి శిల్పరీతిని బట్టి, అక్షరాల తీరును బట్టి మాత్రమే కాలం చెప్పవలసి వస్తుంది.

అయినా మిగిలిన రాళ్లు చెప్పే విషయాలు తక్కువేమీ కాదు. అమరావతిలో పూర్ణఘట ఫలకాన్ని దానం చేసినవాడు విధికుడు. అతడు చర్మకారుడు, ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్లతో కలిసి దానం చేసినట్లు ప్రాకృతంలో రాయించుకున్నాడు. తండ్రి ఉపాధ్యాయుడు, కొడుకు తోలుపని చేసేవాడు. తరువాతి కాలపు కులవ్యవస్థ వీరిని ఒకే ఇంట ఊహించనివ్వదు. తెలుగు పదం లేదన్న కారణంతో ప్రాచీనతా చర్చలో ఈ శాసనానికి చోటు దక్కలేదు. కీసరగుట్ట పదానికి చోటు దక్కినా దాని అర్థానికి దక్కలేదు. అది రాజు బిరుదూ కాదు, దేవుని పేరూ కాదు. రాతిని తొలిచే పనివారిని సూచించే మాట. కలమళ్ళ శాసనం సైతం 'మొదటిది' అన్న విశేషణంతో ఆగిపోతుంది. అందులోని ఊర్లు, అధికారులు, పంచమహాపాతకాల హెచ్చరిక గురించి జరిగిన బహిరంగ చర్చ స్వల్పం.

6. ముగింపు:
ప్రాచీన హోదా వల్ల తెలుగుకు మేలు జరిగింది. విశిష్ట అధ్యయన కేంద్రం ఏర్పడి, మైసూరు నుంచి నెల్లూరుకు తరలివచ్చింది. ఆ మేలు నిలవాలంటే బహిరంగ చర్చలో ఒక ఆధారాన్ని చూపేటప్పుడు మూడు విషయాలు వెంట చెప్పవలసి ఉంటుంది: అందులోని భాష ఏది, కాలాన్ని ఏ పద్ధతిలో నిర్ణయించారు, అది ఎక్కడ ఏ స్థితిలో దొరికింది. నాలుగోది, అందులో మాట్లాడుతున్నవారు ఎవరు అన్న ప్రశ్న.

'తొలి' అన్న పేరు పొందిన రాతికే రక్షణ, పూజ దక్కితే, ఆ పేరు రాని రాళ్లు పొలం గట్లమీద, గుడి మెట్లకింద అరిగిపోతాయి. విధికుని వంటివారి సంగతి తెలిపేవి చాలావరకు అటువంటి రాళ్లే. తెలుగు నేల గతాన్ని తెలుగు పదాలున్న శాసనాలకే కుదించకుండా ప్రాకృత, సంస్కృత శాసనాలను కూడా ఇక్కడి ప్రజల చరిత్రగా చదవడం సాహిత్య చరిత్ర రచనకు తక్షణావసరం.