నలభై అంశాలు, పది ప్రశ్నలు: పెద్దేముల్ నుంచి చూస్తే

ఆటిజం అనగానే మన దగ్గర పిల్లల మాటే వస్తుంది. ఏర్పాట్లు కూడా పిల్లల చుట్టూనే ఉన్నాయి. వికారాబాద్ జిల్లా పెద్దేముల్ మండలంలో ఒక పసివాడు పేరు పెట్టి పిలిచినా పలకకపోతే అంగన్‌వాడీ టీచర్ గమనించవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికొచ్చి చూడవచ్చు. జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపవచ్చు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో చేర్చవచ్చు. ఇవన్నీ ఎంత బాగా నడుస్తున్నాయన్నది వేరే చర్చ, కాగితం మీద దారి మాత్రం ఉంది. ఆ దారి పద్దెనిమిదో ఏట ఆగిపోతుంది. చిన్నప్పుడు ఎవరూ గుర్తించని మనిషికి ముప్పై ఏళ్లొస్తే ఊరు చెప్పే మందు ఒక్కటే: "పెండ్లి చేస్తే దారిలకొస్తడు."

ఆ మనిషి, లేదా అతని తల్లి, లేదా ఆ పెళ్లయ్యాక అతనితో బతుకుతున్న భార్య, "ఇది ఆటిజమా?" అని అడగాలనుకుంటే ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న పట్టుకుని రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చదివాను. ఒకటి మన సికింద్రాబాద్‌లో పుట్టినది, ఇంకొకటి ఇంగ్లండ్‌ది. రెండూ ఒకే పని చేసే పత్రాలు కావు, ఆ సంగతి ముందే చెప్పాలి. మనది వైకల్యాన్ని కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడేది. వాళ్లది పూర్తి పరీక్షకు పంపాలా వద్దా అని తేల్చేది. అయినా పోల్చడం న్యాయమే, ఎందుకంటే ఆటిజం ఉందేమోనన్న అనుమానంతో బయల్దేరిన పెద్దవయసు మనిషికి ఆయా దేశాల్లో మొదట ఎదురయ్యే గుమ్మాలు ఇవే.

మన పత్రం పేరు ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ దీన్ని తయారుచేసి 2009లో విడుదల చేసింది. ఇప్పుడు ఆ సంస్థను అందరూ నీపిడ్ అంటున్నారు. పత్రంలో ఆరు విభాగాలు, నలభై అంశాలు. ఒక్కో లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందో చూసి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. మొత్తం 70కి లోపుంటే ఆటిజం లేదు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 వచ్చిందంటే 40 శాతం వైకల్యం, అంటే చట్టపరమైన ప్రయోజనాలు మొదలయ్యే గీత.

దీని గొప్పతనాన్ని తక్కువ చేయను. విదేశీ పరీక్షా సాధనాలు ఖరీదైనవి, వాటిని వాడేవాళ్లకు ప్రత్యేక శిక్షణ కావాలి. మనది ఇక్కడి కుటుంబాలను చూసి రాసుకున్నది. మాట రాని మనిషికి, అక్షరం రాని మనిషికి కూడా పనికొస్తుంది, ఎందుకంటే మార్కులు వేసేది ఎదుట కూర్చున్న నిపుణుడు. అతను స్వయంగా చూస్తాడు, ఇంట్లోవాళ్లను అడుగుతాడు.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. కళ్లలోకి చూసి మాట్లాడతాడా లేదా అన్నది తొలి అంశాల్లో ఒకటి. పెద్దేముల్‌లో ఇరవై ఆరేళ్ల కోడలు మామగారి ముందు, డాక్టరు ముందు తలెత్తి చూడదు. అది మర్యాదా, లక్షణమా? ఇంకో ఇంట్లో ఇంకో అమ్మాయి నిజంగానే ఎవరి కళ్లలోకీ చూడలేదు, నలుగురు కూడిన చోట మాట పెగలదు, పెళ్లిళ్లలో బ్యాండు మోగితే వెనక గదిలోకి పోతుంది. ఆమెకు ఊరిచ్చే పేరు "నెమ్మదస్తురాలు", "నోట్లో నాలుక లేని పిల్ల". ఆ మెచ్చుకోలు చాటున ఆమె అవస్థ ముప్పై ఏళ్లు కనబడకుండా పోతుంది. ఆడవాళ్లలో ఆటిజాన్ని ఆలస్యంగా గుర్తించడం ప్రపంచమంతటా ఉన్నదే. మన దగ్గర దానికి సంప్రదాయం కూడా తోడైంది. పైగా పెద్దయ్యేసరికి చాలామంది ఎదుటివాళ్లను చూసి నవ్వడం, తలూపడం నేర్చుకుంటారు. బయటినుంచి మార్కులు వేసే పత్రానికి ఆ నేర్చుకున్న నవ్వు కనిపిస్తుంది గానీ దాని వెనకున్న శ్రమ కనిపించదు. అలాంటి మనిషికి మార్కులు 70కి చేరకపోతే పత్రం ప్రకారం ఆ మనిషికి ఏమీ లేనట్టే.

ఇంగ్లండ్ పత్రం ఏక్యూ-10. పేరులో ఉన్నట్టే పది వాక్యాలు. ఒప్పుకుంటున్నారా, లేదా అని ఆ మనిషినే అడుగుతుంది. ఆరు, ఆపైన వస్తే పూర్తి పరీక్షకు పంపాలని అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2012లో పెద్దల ఆటిజంపై విడుదల చేసిన మార్గదర్శకం చెబుతుంది. దీని బలమంతా ఆ అడగడంలో ఉంది. ఇతరులకు వినబడని చిన్న శబ్దాలు మీకు వినబడుతుంటాయా అన్నది అందులో ఒక అంశం. తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే ఒక యువకుణ్ని ఊహించుకోండి. రంపం నాపరాయిని కోస్తున్న మోత, నీళ్లు చిమ్మే చప్పుడు, బండ మీద బండ పెట్టే శబ్దం. పక్కవాళ్లు గంటలో అలవాటు పడతారు, ఇతను ఏళ్లు గడిచినా పడడు. మధ్యాహ్నానికి తల పగిలిపోతున్నట్టుంటుంది, మేస్త్రీ చెప్పిన పని చెవికెక్కదు, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు. ఏడాదిలో నాలుగు యూనిట్లు మారతాడు. బయటివాళ్ల లెక్కలో బద్ధకస్తుడు, నిలకడ లేనివాడు. అతని చెవుల్లో ఏం జరుగుతోందో అతన్ని అడిగితే తప్ప తెలియదు. మన నలభై అంశాల్లో ఇంద్రియాల విభాగం ఉన్నా అక్కడా చూసేవాడి తీర్పే పెద్దది. ఈ ఒక్క విషయంలో పది ప్రశ్నల పత్రం మన నలభై అంశాలకన్నా లోతుకు వెళ్లిందని నా అభిప్రాయం.

అలాగని దాన్ని తెచ్చి తెలుగులోకి దించేసి పెద్దేముల్ పల్లె దవాఖానలో పంచితే సరిపోదు. కథ చదివేటప్పుడు పాత్రల ఉద్దేశాలు అర్థమవుతాయా అని ఒక అంశం. కార్లు, పక్షులు, రైళ్లు, మొక్కల వంటి వాటి రకాల గురించి వివరాలు సేకరించడం ఇష్టమా అని ఇంకొకటి. చదవడం రానివారికి పత్రాన్ని చదివి వినిపించమని నైస్ చెప్పింది, మంచిదే. కానీ వినిపించినంత మాత్రాన కథలు చదివిన అనుభవం రాదు. ఇక్కడ అడగాల్సింది సినిమా గురించి, టీవీ సీరియల్ గురించి, అంగట్లో బేరం గురించి: కందులు కొనే వ్యాపారి ధర బాగుందని నవ్వుతూ చెబుతున్నప్పుడు అతని మనసులో ఏముందో పట్టుకోగలవా అని. అలా మార్చాక మన జనం మీద మళ్లీ పరీక్షించి, ఎన్ని మార్కులకు పంపాలో కొత్తగా తేల్చాలి. ఆ పని చేయడానికి నీపిడ్‌కన్నా తగిన సంస్థ లేదు.

పత్రాల వెనక చట్టాలున్నాయి. అసలు తేడా అక్కడే. ఇంగ్లండ్‌లో 2009 నాటి ఆటిజం చట్టం పుట్టిందే పెద్దల కోసం. పెద్దవాళ్ల ఆటిజంపై ప్రభుత్వం వ్యూహం ప్రకటించాలని, స్థానిక సంస్థలు, ఆరోగ్య సంస్థలు ఏం చేయాలో మార్గదర్శకాలివ్వాలని ఆ చట్టం నిర్బంధించింది. వాటి ప్రకారం ప్రతి ప్రాంతంలో పెద్దలకు నిర్ధారణ దారి ఉండాలి, దానికి బాధ్యుడైన అధికారి ఉండాలి, తెలివితేటల మార్కులు బాగున్నాయన్న కారణంతో ఎవరికీ అవసరాల మదింపు నిరాకరించకూడదు. ఆ చట్టానికి రెండేళ్ల ముందే, 2007లో, అక్కడ పెద్దలను ఇంటింటా సర్వే చేశారు. సుమారు ఒక శాతం మందిలో ఆటిజం కనిపించింది, వాళ్లలో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం చిన్నదేం కాదు. 1995 చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది, ఆటిజం అందులో లేదు. అప్పట్లో సర్టిఫికెట్ కావాలంటే బుద్ధిమాంద్యం గడిలోకే వెళ్లాలి. ఇప్పుడు పెద్దయి ఆ పాత సర్టిఫికెట్‌తోనే బతుకుతున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో. కొత్త చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చింది. ప్రభుత్వోద్యోగాల్లో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి ఒక శాతం కేటాయించింది. ఇంగ్లండ్ ఆటిజం చట్టంలో ఇలాంటి కోటా లేదు. అంతకుముందే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం జిల్లా కలెక్టర్ అధ్యక్షతన స్థానిక కమిటీని ఏర్పాటు చేసింది. పద్దెనిమిదేళ్లు దాటినవారికి అవసరమైతే సంరక్షకుణ్ని నియమించే అధికారం ఆ కమిటీదే. నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులొస్తాయి. హక్కుల జాబితాలో మనం వెనకబడి లేము.

ఇంగ్లండ్‌ను ఆదర్శం చేయడమూ తప్పే. పంపిన మూడు నెలల్లో పరీక్ష మొదలవ్వాలని అక్కడి ప్రమాణం. ఆటిజం పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్ల సంఖ్య మాత్రం ఇటీవల 2 లక్షలు దాటింది. ఏళ్లు ఎదురుచూసి చివరకు నివేదిక చేతికందాక, తర్వాత ఏం చేయాలో చెప్పే మనిషి లేడన్న ఫిర్యాదు అక్కడ గట్టిగానే వినిపిస్తుంది. గుమ్మం తెరిచి, లోపల మనుషుల్ని పెట్టకపోతే ఏమవుతుందో ఆ క్యూ చెబుతోంది.

మన దగ్గర ఆ క్యూ లేదు. కానీ దాన్ని చూసి అవసరం లేదనుకుంటే ఘోరం. క్యూ కట్టడానికి చోటే లేదు గనక క్యూ లేదు. 2011 జనాభా లెక్కల్లో వైకల్యం ప్రశ్నకు ఆటిజం అనే జవాబే లేదు. హైదరాబాద్‌తో సహా అయిదు చోట్ల జరిపి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనం చూసింది రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్నే. ఇంగ్లండ్‌లో తేలిన ఒక శాతమే ఇక్కడా నిజమైతే వెయ్యి మంది పెద్దలున్న ఊళ్లో పది మంది ఉంటారు. వాళ్లను వెతికినవాళ్లు లేరు.

మన చట్టంలో నాకు కనిపించే పెద్ద లోపం, మనిషి అవసరాన్ని శాతానికి కట్టేయడం. 40 శాతానికి చేరితే నెలకు 4,016 రూపాయల పింఛనుకు దారి దొరుకుతుంది. ఆ డబ్బు విలువ పేదింటికి తెలుసు, దాన్ని కించపరచను. కానీ ఆ గీతకు చేరనివాడికి పని చోట కాస్త నిశ్శబ్దం, నోటితో కాకుండా రాసిచ్చిన పని వివరం, అతని సంగతి తెలిసిన ఒక మనిషి అక్కర్లేదా? ఇవి దాదాపు ఖర్చులేని సాయాలు. వాటికి శాతం అవసరం లేదు, గుర్తింపు చాలు. పాలిషింగ్ యూనిట్ యువకుడికి తన తలనొప్పికి పేరుందని తెలిస్తే, ఇంట్లోవాళ్లకు తెలిస్తే, అతన్ని పెళ్లికి తోయకముందు తెలిస్తే, రెండు జీవితాలు మారతాయి.

పెద్దేముల్‌కు లండన్‌కన్నా అనుకూలమైనది ఒకటుంది. పెద్దవాళ్ల ఆటిజాన్ని నిర్ధారించడంలో చిన్ననాటి సంగతులు కీలకం. నగరంలో నలభై ఏళ్ల మనిషి బాల్యం గురించి చెప్పేవాళ్లు దొరకడం కష్టం. ఇక్కడ తల్లి ఉంటుంది, అక్క పక్క ఊళ్లోనే ఉంటుంది, ఒకటో తరగతి చెప్పిన సారు రిటైరై అదే వీధిలో ఉంటాడు. మాటలు ఎప్పుడొచ్చాయో, ఒంటరిగా ఏమాడేవాడో, ఏ కూర ముట్టేవాడు కాదో వాళ్లకు గుర్తే. ఆ జ్ఞాపకాలను పద్ధతిగా అడిగి రాసుకునే శిక్షణ ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఇస్తే సగం పని ఊళ్లోనే అయిపోతుంది.

మిగతా సగానికి కావలసినవి కూడా జిల్లాలో లేకపోలేదు. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, మెడికల్ కాలేజీ అన్నాక సైకియాట్రీ విభాగం ఉండి తీరాలి. నలభై అంశాల పత్రం తయారుచేసిన సంస్థ తాండూరు మీదుగా వెళ్లే రైలు మార్గం కొసన సికింద్రాబాద్‌లో ఉంది. ఈ మూడింటినీ కలిపే ఉత్తర్వు ఒక్కటే లేదు.

నా తీర్పు ఇది: పత్రం మనదే ఉంచుకోవాలి, దానికి ఆ మనిషి నోటితో చెప్పే భాగం చేర్చాలి. చట్టం మనదే చాలు, దానికి ఇంగ్లండ్ నుంచి తెచ్చుకోవలసింది స్థానిక బాధ్యత. వికారాబాద్ కలెక్టర్ గారికి నా విన్నపం: మీరు అధ్యక్షులుగా ఉన్న నేషనల్ ట్రస్ట్ స్థానిక కమిటీ తదుపరి సమావేశంలో పద్దెనిమిదేళ్లు దాటినవారి ఆటిజాన్ని ఒక అంశంగా పెట్టండి. తాండూరు ఆసుపత్రిలో వారానికి ఒక పూట పెద్దల కోసం కేటాయించండి, దానికి బాధ్యులెవరో పేరు రాసి గోడకు అంటించండి. ఆ పూట ఏ రోజో పెద్దేముల్ గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద కూడా ఉండాలి.