గొలుసు లాగేవాళ్లెవరు?

కుకూ గడియారం అనగానే కళ్ల ముందు నిలిచేది వాలు కప్పున్న చిన్న చెక్క ఇల్లు. కప్పు కింద బుల్లి తలుపు, తలుపు వెనక పిట్ట. అది అనాదిగా వస్తున్న పల్లెటూరి రూపమని కొనేవాళ్లలో చాలామంది అనుకుంటారు. ఆ ఇంటికి పుట్టిన సంవత్సరం ఉంది, గీసిన మనిషీ ఉన్నాడు. బేకరీల్లో కేకు పేరుగా మనకు పరిచయమైన బ్లాక్ ఫారెస్ట్ జర్మనీకి నైరుతి మూలనున్న కొండసీమ. అక్కడ ఫుర్ట్‌వాంగెన్ అనే ఊళ్లో 1850లో బాడెన్ ప్రభుత్వం గడియారాల పనివాళ్ల కోసం ఒక బడి పెట్టింది. బడికి మొదటి డైరెక్టరుగా వచ్చిన రోబెర్ట్ గెర్విగ్ ఇంజినీరు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన ఒక పోటీ ప్రకటించాడు. మన గడియారాలకు ఈ కాలానికి తగిన పెట్టె ఎలా ఉండాలో గీసి పంపండి అన్నాడు.

బాడెన్ రైలు మార్గం వెంట స్టేషన్ల భవనాలకు నమూనాలు గీసిన ఫ్రీడ్రిష్ ఐజెన్‌లోర్ ఆ పోటీకి ఒక బొమ్మ పంపాడు. పట్టాల పక్కన కాపలావాడు ఉండే చిన్న ఇంటిని తీసుకుని, దాని ముఖానికి గడియారం అమర్చి, చుట్టూ తీగలు అల్లించాడు. అంతే. కొన్నేళ్లలో ఆ రూపం కొండంతా పాకింది. 1860 ప్రాంతానికి ఐజెన్‌బాఖ్‌లో యోహాన్ బాప్టిస్ట్ బేహా లాంటి పనివాళ్లు తీగల చెక్కడాన్ని మరింత లోతుగా, గుబురుగా చేశారు. బరువులను పైన్ చెట్టు కాయల ఆకారంలో పోత పోయించారు. మనం సంప్రదాయం అని చూపించుకునేదంతా ఈ పదిపన్నెండేళ్లలో కుదిరింది.

ఈ చరిత్ర తెలిశాక నాకు ఆ గడియారం మీద మక్కువ ఇంకా పెరిగింది. బతుకుతెరువు పోతుందేమోనని బెంగపెట్టుకున్న ఒక కొండసీమ తన పనిని మళ్లీ నిలబెట్టుకోవడానికి వేసిన ఎత్తు అది. ఆ సీమలో రైతు పొలాన్ని కొడుకులందరికీ ముక్కలు చేసి పంచే వాడుక లేదు, మొత్తం ఒక్కరికే దక్కేది. మిగతావాళ్లకు పనులు కావాలి. చలికాలం నెలల తరబడి మంచు, చుట్టూ అడవి. అలా 18వ శతాబ్దం నాటికి చెక్క పళ్లచక్రాలతో గడియారాలు చేయడం ఇంటింటి పనైంది. వీపుకు చెక్క చట్రం కట్టుకుని, దానికి గడియారాలు తగిలించుకుని, దేశాలు తిరిగి అమ్మిన వాళ్లుండేవారు. పిట్టను మొదట గడియారంలో పెట్టింది షోన్‌వాల్డ్‌కు చెందిన ఫ్రాంజ్ ఆంటన్ కెట్టెరర్ అని దుకాణాల్లో చెబుతారు. ఆ మాటకు గట్టి ఆధారం లేదు. 1629లోనే ఫిలిప్ హైన్‌హోఫర్ అనే ఆగ్స్‌బర్గ్ పెద్దమనిషి డ్రెస్డెన్ ఏలిక కొలువులో కోకిలలా కూసే గడియారాన్ని గురించి రాసి పెట్టాడు. పిట్ట ఈ కొండల్లో పుట్టకపోయినా దానికి ఇల్లు కట్టింది మాత్రం వీళ్లే.

కోకిల అంటే మన మామిడి తోపుల్లో వసంతం పొడుగునా గొంతు పెంచుకుంటూ పైకి పాడే పక్షి కాదు. వాళ్లది వేరే జాతి. రెండే స్వరాలు, మొదటిది పైన, రెండోది కింద. గడియారం కొనేటప్పుడు చెవి పెట్టి వినవలసింది ఆ దిగే రెండు స్వరాలనే.

మా అమ్మాయి ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తుంది. దాని దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి ట్రీబెర్గ్ వెళ్లాం. ఓఫెన్‌బుర్గ్ నుంచి రైలు కొండెక్కే దారి సొరంగం మీద సొరంగం. కిందికి చూస్తే ఇప్పుడే దాటి వచ్చిన పట్టాలే మళ్లీ కనబడతాయి. వాలు మరీ నిటారుగా కాకుండా దారిని మెలికలు తిప్పి ఎక్కించారు. 1873లో పూర్తయిన ఈ మార్గాన్ని వేసింది కూడా గడియారాల పోటీ పెట్టిన ఆ గెర్విగ్గే. రైలు కాపలావాడి ఇంటి రూపాన్ని గడియారంగా కొనడానికి ఆయన వేసిన రైల్లోనే వెళుతున్నామని నేను చెబితే మా అమ్మాయి కిటికీ వదల్లేదు.

ట్రీబెర్గ్ పెద్ద జలపాతమున్న చిన్న ఊరు. జలపాతానికి వెళ్లే వీధి పొడుగునా గడియారాల దుకాణాలే. వాటిల్లో గోడలు కనబడవు. వేటగాడి తుపాకులు, దుప్పి తల, వేలాడే కుందేలు చెక్కినవి ఒక వరుస. ఆకులు, పక్షుల చెక్కడం ఉన్నవి ఒక వరుస. మూడో వరుసలో పల్లెటూరి ఇళ్లు. వాటి ముందు కట్టెలు కొట్టేవాడు, తిరిగే నీటిచక్రం, నాట్యమాడే జంటలు. పర్యాటకులంతా ఈ మూడో వరుస ముందే ఆగుతారు. మా అమ్మాయీ అక్కడే ఆగింది.

"అమ్మా, ఇది చూడు, బొమ్మలు తిరుగుతాయి. బ్యాటరీది, ధర కూడా తక్కువే."

ఇక్కడే నేను మొండికేశాను. బ్యాటరీ గడియారంలో పిట్ట కూయదు. రికార్డు చేసిన కూత స్పీకర్లోంచి వస్తుంది, కొన్నింట్లో వెనక సెలయేటి చప్పుడు కూడా కలుపుతారు. కింద వేలాడే పైన్ కాయలు దేన్నీ లాగవు. లోలకం ఊగుతుంది గానీ కాలంతో దానికి పనిలేదు. అది చెడ్డ వస్తువని అనను. పసిపిల్లలున్న ఇంట్లో సరదాగానే ఉంటుంది. కానీ ఇంత దూరం వచ్చి, ఆ పని పుట్టిన వీధిలో నిలబడి, పని లేని పెట్టెను కొనడానికి నాకు చేతులు రాలేదు.

అసలు గడియారంలో జరిగేది ఇదీ. రెండు గొలుసులు, వాటికి రెండు ఇనుప బరువులు. ఒకటి ముళ్లను నడుపుతుంది, రెండోది గంట కొట్టే చక్రాలను. గంట కాగానే రెండో చక్రాల వరుస విడుదలై సన్నని తీగలను ఎత్తుతుంది. ఆ తీగలు పెట్టెకు రెండు పక్కలా నిలబెట్టిన ఊదుడు గొట్టాల మీది తిత్తులను ఒకదాని తర్వాత ఒకటి లేపి వదిలేస్తాయి. హార్మోనియం వెనక తిత్తి ఎలా గాలిని నెడుతుందో, ఈ అగ్గిపెట్టెంత తిత్తులూ అలాగే తమ బరువుకు తామే కుంగుతూ గాలిని గొట్టంలోకి నెడతాయి. పొట్టి గొట్టం పై స్వరం, పొడుగు గొట్టం కింది స్వరం. అదే సమయంలో ఒక కమ్మీ పిట్టను ముందుకు తోస్తుంది. పిట్ట తలుపును తోసుకుని వస్తుంది. వెనక చిన్న సుత్తి చుట్టలు తిరిగిన ఇనుప తీగను ఒక్కో కూతకు ఒక్కోసారి తడుతుంది. ఇదంతా చేసేది కిందికి దిగుతున్న ఇనుము, అంతకుమించి ఏ శక్తీ లేదు.

దుకాణంలోని పెద్దావిడను నేను అడిగింది ఒక్కటే, వినిపించమని. ఆవిడ ఒక్కో గడియారం నిమిషాల ముల్లును మెల్లగా ముందుకు తిప్పి పన్నెండు మీద నిలిపి చేయి తీసేసింది. ఒకే కంపెనీ, ఒకే పరిమాణం, పక్కపక్కనే ఉన్నా రెండు పిట్టల గొంతు ఒకటి కాదు. ఒకదానిలో రెండో స్వరం గాలి చాలక పీలగా వచ్చింది. ఇంకోదానిలో రెండు స్వరాల మధ్య ఎడం తక్కువై తొందరపడినట్టుంది. చెక్కడం ఎంత బాగున్నా అలాంటివి పక్కన పెట్టాను. కొనేవాళ్లకు నా సలహా కూడా అదే. గోడ మీద నుంచి దించకముందే కనీసం మూడు గంటల కూతలు వరసగా వినండి. తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, చివరి కూత తర్వాత పిట్ట తడబడకుండా లోపలికి వెళుతోందా చూడండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఆ వీధిలో అలా అడిగేవాళ్లంటే గౌరవం.

సర్టిఫికెట్ సంగతి ఒకటుంది. అక్కడి తయారీదారుల సంఘం పేరు 'డీ ష్వార్ట్స్‌వాల్డ్ ఊర్'. పూర్తిగా యంత్రంతో నడిచేదై, ముఖ్యమైన భాగాలన్నీ ఆ సీమలోనే తయారైన గడియారాలకే అది ముద్ర వేసిన పత్రం ఇస్తుంది. పత్రం లేకుంటే మోసమని కాదు, ఉంటే మాత్రం చెక్క ఎక్కడిది, చక్రాలు ఎక్కడివి అని అడిగే పని తప్పుతుంది. చెక్కడానికి ఎక్కువగా వాడేది లిండెన్ కలప. మెత్తగా ఉంటుంది, పేళ్లు లేవదు. ఆకు ఈనెల దగ్గర ఉలి గీతలు కనబడుతున్నాయా, అంచుల కింద కూడా తవ్వి ఆకును వెనకనుంచి విడదీశారా చూస్తే ఎంత పని పెట్టారో తెలిసిపోతుంది.

చివరికి రెండు గడియారాలు మిగిలాయి. ఒకటి రోజూ గొలుసు లాగవలసింది, మరొకటి ఎనిమిది రోజులకు ఒకసారి. "ఎనిమిది రోజులది తీసుకోమ్మా, ఊరెళ్లినా ఆగదు," అంది మా అమ్మాయి. ధర బాగా ఎక్కువ, అయినా తానే పెడతానంది. అప్పుడు ఆ పెద్దావిడ జర్మన్‌లో ఏదో అడిగింది. మా అమ్మాయి నావైపు తిరిగి, "మీ ఇంట్లో గొలుసు లాగేవాళ్లెవరు అంటోంది," అని చెప్పింది. నేనే అన్నాను. అయితే రోజుది తీసుకోండి అని ఆవిడ సైగ చేసింది.

ఆవిడ లెక్క నాకు నచ్చింది. ఎనిమిది రోజుల యంత్రానికి ఒక్కో బరువు కిలోన్నర దాకా ఉంటుంది, రోజుదానికి పావుకిలో పైచిలుకు. విమానంలో తెచ్చుకునేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. వారానికి ఒకసారి చేయవలసిన పనిని మనం మరిచిపోతాం, రోజూ చేసేది మరవం. రాత్రి పడుకునే ముందు పొయ్యి కట్టేశామా, తలుపు గడియ పెట్టామా అని చూసుకునే వరసలో గొలుసు కూడా చేరుతుంది. ఆగిపోయిన కుకూ గడియారాలను నేను చాలా ఇళ్ల గోడల మీద చూశాను. యంత్రం పాడై కాదు, ఎవరూ లాగక. ఇంటికి అంత దూరం నుంచి ఒక గడియారాన్ని మోసుకొచ్చి బొమ్మగా వేలాడదీయడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

సంగీతం ఉన్నదాన్నీ వద్దన్నాను. దానికి మూడో బరువు ఉంటుంది, కూత అయ్యాక చిన్న పాటపెట్టె మోగి బొమ్మలు తిరుగుతాయి. ఆ పాటపెట్టె చాలావాటిలో స్విట్జర్లాండ్ నుంచి వచ్చేదే. మంచి పనే, కాకపోతే కూత తర్వాత నిశ్శబ్దం ఉండాలని నా అభిప్రాయం.

ఇక తెచ్చుకోవడం. జర్మనీలో 19 శాతం పన్ను ధరలోనే కలిసి ఉంటుంది. యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లు ఒకే చోట 50 యూరోలు దాటి కొంటే అందులో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. బిల్లు మన పాస్‌పోర్టు పేరిట ఉండాలి. అక్కడ ఉద్యోగం చేసే పిల్లల పేరిట కొంటే రాదు, ఇది చాలామంది తెలుగు తల్లిదండ్రులకు విమానాశ్రయంలో గానీ తెలియదు. పెట్టెను చెక్-ఇన్‌లో వేయకముందే కస్టమ్స్ వాళ్లకు వస్తువు చూపించి కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. ఇనుప కాయలను గుడ్డలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టడం మేలు. దుకాణంలో గొలుసులు జారిపోకుండా తీగతో కడతారు, తలుపుకు కొక్కెం వేస్తారు, తిత్తులు అదరకుండా మధ్యలో కాగితం దూరుస్తారు. ఇంటికి వచ్చాక ఇవన్నీ తీసిన తర్వాతే బరువులు తగిలించాలి. కొక్కెం తీయకుండా నడిపిస్తే పిట్ట మూసిన తలుపును గుద్దుకుంటుంది.

గోడ మీద మనిషెత్తు కంటే పైన కట్టాలి, గొలుసు దిగడానికి చోటు కావాలి. లోలకాన్ని కదిపి చప్పుడు వినాలి. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమంగా లేకపోతే పెట్టె కింది భాగాన్ని వెంట్రుకవాసి అటో ఇటో జరపాలి. వెనకబడుతుంటే లోలకం మీది ఆకును పైకి, ముందుకు పోతుంటే కిందికి.

యంత్రం వెనక పలక మీద తయారీదారు ముద్ర, అంకె ఉంటాయి. వాటిని ఫొటో తీసి పెట్టుకుంటే రేపు ఏ భాగం కావాలన్నా తెప్పించుకోవచ్చు. అన్నిటికంటే ముందు పోయేది తిత్తి. ఏళ్లు గడిచాక దాని గుడ్డ మడతల దగ్గర చిరుగుతుంది, పిట్ట బయటికి వస్తుంది గానీ గొంతు పలకదు. అందుకే అదే కొలతకు సరిపోయే తిత్తుల జత ఒకటి అక్కడే అడిగి తెచ్చుకున్నాను.