టైటానియం కరిగించేవారి నేర్పు

టైటానియం బరువు ఉక్కులో దాదాపు 57 శాతమే. విమానాలకూ క్షిపణులకూ అంతగా పనికొచ్చే ఈ లోహం 1668 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. బాగా వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌ను, నత్రజనిని పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుకే దాన్ని శూన్యంలో కరిగిస్తారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ ఈ పనికి పేరుపడింది.

స్పాంజి అనే బొరియల ముడి టైటానియాన్ని ప్రెస్సులో దిమ్మలుగా అదిమి, వాటిని వెల్డింగ్‌తో అతికి పొడవాటి ఎలక్ట్రోడ్‌ చేస్తారు. నీటితో చల్లబరిచే రాగి మూసలోకి దాన్ని దించి, గాలి తోడేసి, విద్యుత్ ఆర్క్ వెలిగిస్తారు. కొన నుంచి లోహం బొట్టుబొట్టుగా రాలి అడుగున కొత్త దిమ్మగా గడ్డకడుతుంది. ఆర్క్ పక్కకు మళ్లి రాగికి చిల్లు పెట్టిందా, నీరు కరిగిన టైటానియాన్ని తాకి పేలుడు జరగవచ్చు. ఆపరేటర్ దూరంగా కూర్చుని కెమెరా తెరనూ వోల్టేజీనీ కనిపెట్టుకుని ఉండాలి. అసలు పనితనం చివర్లో తెలుస్తుంది. కరెంటును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తొందరపడితే దిమ్మ పైభాగంలో లోతుగా బోలు ఏర్పడుతుంది. అంతమేరా కోసేయక తప్పదు. ఆపైన మళ్లీ కరిగింపు. ఇంజిన్‌లో తిరిగే భాగాలకైతే మూడోసారి కూడా.

విమానాల్లో కార్బన్ ఫైబర్ వాడకం పెరిగినా టైటానియం అవసరం తగ్గలేదు. కార్బన్‌ను తాకితే అల్యూమినియం తుప్పుపడుతుంది, టైటానియం పట్టదు. బోయింగ్ 787 బరువులో దాని వాటా దాదాపు 15 శాతం. అందుకే రక్షణ పరిశ్రమ ఆధునికీకరణకు పెట్టే ఖర్చులో ఈ కొలిమి పనివారి శిక్షణకు మొదటి వాటా దక్కాలి.