పెళ్లిళ్ల లెన్సుతో నీహారిక

“అమావాస్య పొద్దు చేన్లోకేం పోతావు నాయనా, పురుగూ పుట్రా తిరిగే యాళ!” అంది మా చిన్నమ్మ. జనవరి నెల. కర్నూలు జిల్లాలో మా అమ్మ పుట్టిన ఊరు. చిన్నాయన మాత్రం ఏమీ అనకుండా టార్చిలైటు తీసుకుని నా వెంట వచ్చాడు. శనగచేను గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా బిగించి, దాదాపు నడినెత్తిన ఉన్న మూడు చుక్కల వరస వైపు లెన్సు తిప్పాను. ఆ మూడింటికి కాస్త దక్షిణాన, కిందికి వేలాడుతున్నట్టు ఇంకో చిన్న వరస ఉంటుంది. దాని నడిమధ్య మసకగా కనిపించేది ఓరియన్ నీహారిక. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం.

“ఆరుద్ర కార్తె అంటావు కదా చిన్నాయనా, ఆ ఆరుద్ర ఇదిగో, ఈ ఎర్ర చుక్క” అని పక్కనే చూపించాను. ఆయన చాలాసేపు తల దించలేదు. కార్తె వచ్చే జూన్‌లో సూర్యుడు ఆ చుక్క దాపులోనే ఉంటాడు కాబట్టి అది కంటికి కనబడదు. నలభై ఏళ్లుగా ఆరుద్ర వానను నమ్ముకుని సేద్యం చేసిన మనిషి ఆరుద్రను ఆ రాత్రే మొదటిసారి గుర్తుపట్టి చూశాడు.

నా చేతిలోది ఒక స్టూడియో వాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీఎస్ఎల్ఆర్. దానితోపాటు వచ్చిన 70-200 లెన్సు ఎన్ని జంటల తలంబ్రాలు చూసిందో లెక్కలేదు. ఆకాశం ఫోటోలంటే పెద్ద టెలిస్కోపు ఉండాలని చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజానికి నేర్చుకునేవాళ్లకు ఈ లెన్సే నయం. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, మన ఆకాశంలో అది పరుచుకున్న పొడవు సుమారు మూడు డిగ్రీలు. అంటే ఆరు నిండు చందమామలను పక్కపక్కన పేర్చినంత. మీటరు ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపుకు మామూలు డీఎస్ఎల్ఆర్ తగిలిస్తే అందులో సగం కూడా ఒక్క ఫ్రేములో పట్టదు. అదే 200 మి.మీ. లెన్సులో చుట్టూ చోటు మిగిలేలా ఒదిగిపోతుంది. ఇలాంటివి పెద్దవే, కాకపోతే మసకవి. వాటిని మరింత పెద్దవి చేసి చూపించే పరికరం మనకు అక్కర్లేదు, వాటి వెలుగును కూడబెట్టే ఓపిక కావాలి.

ఈ ఓపికకు ఆదిగురువు అనదగ్గ మనిషి కూడా స్టూడియోలోంచి వచ్చినవాడే. ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ 1857లో అమెరికాలోని నాష్‌విల్‌లో నిరుపేద ఇంట్లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఫోటోలను ఎండతో పెద్దవి చేసే భారీ యంత్రం ఒకటి ఆ స్టూడియో మీద ఉండేది. సూర్యుడు కదిలేకొద్దీ దాన్ని చేత్తో తిప్పుతూ గురి తప్పకుండా చూడటమే ఆ పిల్లవాడి పని. అదే మనిషి 1889లో లిక్ అబ్జర్వేటరీలో, మనుషుల ముఖాలు తీయడానికి తయారైన ఆరంగుళాల పాత పోర్ట్రెయిట్ లెన్సును ఆకాశం వైపు పెట్టి పాలపుంతను ఫోటో తీశాడు. గంటల తరబడి ఒక చుక్కను ఐపీస్‌లోని సన్నని తీగల కూడలి దగ్గర నిలబెడుతూ కూర్చున్నాడు. పాలపుంతలోని నల్లటి చీలికలు, మబ్బుల్లాంటి గుంపులు అంత స్పష్టంగా కనబడింది అప్పుడే. దూరాన్ని దగ్గర చేసే పెద్ద టెలిస్కోపులకు అందని వెడల్పు ఆ స్టూడియో లెన్సుకు అందింది. అందుకే పెళ్లి కెమెరాతో ఆకాశం తీయడం చిల్లర ప్రయోగమంటే నేను ఒప్పుకోను. ఈ విద్య ఎదిగింది అలాగే.

ఇక చేతిపని. 200 మి.మీ. దగ్గర కెమెరాను కదలకుండా పెట్టి తీస్తే భూమి తిరుగుడు వెంటనే బయటపడుతుంది. ఓరియన్ ప్రాంతంలో చుక్క సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. మామూలు క్రాప్ సెన్సర్ మీద అది మూడు పిక్సెళ్లకు పైమాటే. అందుకని ఒక్కో ఫోటో ఒక్క సెకను మించనివ్వను. ఐఎస్ఓ 1600, రా ఫార్మాట్, ఎఫ్/2.8 లెన్సును ఎఫ్/4కు మూస్తాను. పూర్తిగా తెరిస్తే మూలల్లో చుక్కలకు రెక్కలు మొలుస్తాయి. లెన్సులో కుదుపు తగ్గించే స్విచ్ ఆపేయాలి. లేకపోతే ట్రైపాడ్ మీద అదే కుదుపు పుట్టిస్తుంది.

ఫోకస్ దగ్గర తొందరపడితే రాత్రంతా వృథా. లెన్సు మీద అనంతం గుర్తు ఉన్నచోట నిజమైన అనంతం ఉంటుందనుకోకండి. మెరిసే చుక్కను లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి, రింగును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ, చుక్క సూదిమొనంత అయ్యేచోట ఆపి టేపు వేయాలి. చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది కాబట్టి గంటకోసారి మళ్లీ చూసుకోవాలి. ట్యూబు బయటికి సాగే రకం జూమ్ లెన్సును నెత్తి మీదికి ఎత్తితే సొంత బరువుకు జారిపోతుంది, దానికీ టేపే మందు. మొదటి రాత్రి నాకు ఇది తెలియక, ఇంటికొచ్చి చూసుకుంటే రెండొందల ఫోటోల్లో ఒక్కో దానిలో ఒక్కో సైజు ఓరియన్ ఉంది.

ఒక్క సెకను ఫోటోలో కనిపించేది పొగ మరక. గరుకు (నాయిస్) మధ్య గులాబీ రంగు ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. అలాంటివి నాలుగొందలు తీయాలి. కొన్ని నిమిషాలకోసారి నీహారికను మళ్లీ ఫ్రేము మధ్యకు తెచ్చుకుంటూ ఉండాలి. ఆ తర్వాత డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ప్రతి ఫోటోలో చుక్కలను గుర్తుపట్టి ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరుస్తాయి. నీహారిక వెలుగు ప్రతి ఫోటోలో ఒకే చోట ఉంటుంది. గరుకు మాత్రం ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది. సగటు తీస్తే వెలుగు నిలుస్తుంది, గరుకు అణుగుతుంది. వంద ఫోటోలకు గరుకు పదో వంతుకు, నాలుగొందలకు ఇరవయ్యో వంతుకు దిగుతుంది. ఫలితం రెట్టింపు కావాలంటే శ్రమ నాలుగింతలు కావాలన్నమాట.

మూత పెట్టి అదే చలిలో, అదే సెట్టింగులతో ముప్పై ఫోటోలు తీస్తే సెన్సర్ సొంత మచ్చలు దొరుకుతాయి, వాటిని డార్కులంటారు. తెల్లారగట్ల లెన్సు మూతికి ఉతికిన తెల్ల పంచె ముడతల్లేకుండా బిగించి ఆకాశం వైపు తీస్తే ఫ్లాట్లు. లెన్సు మూలల చీకటీ, సెన్సర్ మీది దుమ్మూ వాటితో పోతాయి. చిన్నాయన పంచె ఇచ్చి, ఫోటోలో పంచె ఎక్కడా కనబడదంటే ఆశ్చర్యపోయాడు.

ఒక మెట్టు ఎక్కాలంటే భూమి తిరుగుడుకు ఎదురు తిప్పే ట్రాకర్ కావాలి. కొనలేకపోతే వడ్రంగి చేయగలడు. రెండు చెక్కలు, ఒక తలుపు బందు, ఒక 6 మి.మీ. బోల్టు చాలు. బందు ఇరుసు నుంచి బోల్టు దూరం 228.5 మి.మీ. ఉంచి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే, ఒక మి.మీ. మర ఉన్న ఆ బోల్టు చెక్కను ఆకాశం వేగంతోనే లేపుతుంది. 50 మి.మీ. లెన్సుకు ఇది హాయిగా పనిచేస్తుంది, 200కు మాత్రం మోటారు ట్రాకర్ తప్పదు. ఏ ట్రాకర్ ఇరుసైనా ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. మన దగ్గర కష్టమంతా అక్కడే. ధ్రువుడు మనకు అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే ఉంటాడు. కర్నూలు వైపు అది సుమారు 16 డిగ్రీలు, అంటే చెయ్యి చాచి పట్టిన పిడికిళ్లలో ఒకటిన్నర. ఒక వేపచెట్టు, ఒక దుమ్ము తెర, ఉత్తరాన ఒక టౌను వెలుగు అడ్డుపడితే చాలు, కనబడడు. కాబట్టి చోటు వెతికేటప్పుడు ముందు ఉత్తర దిక్కు చూడండి.

ఆ నష్టానికి సరిపడా లాభం దక్షిణాన ఉంది. యూరప్‌లో చాలామందికి వృశ్చికం ఇళ్ల కప్పుల దగ్గర నక్కి ఉంటుంది. మనకు అది ఆకాశంలో సగం ఎత్తు ఎక్కి వస్తుంది. ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం, కరీనా నీహారిక కూడా మన దక్షిణ దిక్కున అందుతాయి.

మామూలు కెమెరాకు ఒక లోపం ఉంది. నీహారికల్లోని హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది, సెన్సర్ ముందున్న ఫిల్టర్ ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. అయినా ఓరియన్ నీహారిక, ఆండ్రోమెడా, మన పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికలు మామూలు కెమెరాకూ లొంగుతాయి. రంగు చాల్లేదని, ఎక్కడివో వివరాలు అతికించే ఆటోమేటిక్ టూల్స్ జోలికి మాత్రం పోవద్దు. పోగేసిన వెలుగులో ఉన్నదాన్ని పైకి తీయడం మన పని. లేనిదాన్ని పెడితే అది ఆకాశం ఫోటో కాదు.

ఈ విద్య మనకు పరాయిదీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ, 1887లో పారిస్‌లో మొదలైన ప్రపంచవ్యాప్త నక్షత్ర పట్టిక పనిలో భాగం పంచుకుంది. ఎనిమిదంగుళాల ఫోటో టెలిస్కోపుతో గాజు పలకల మీద ఆకాశాన్ని తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచారు. అప్పుడు ఆ అబ్జర్వేటరీ ఉన్న బేగంపేట మీద చీకటి ఉండేది.

స్టూడియోలు నడిపే సోదరులకు ఒక మాట. పుష్యమాసంలో ముహూర్తాలుండవు, మీ కెమెరాలు సంచుల్లో ఖాళీగా ఉంటాయి. సరిగ్గా ఆ నెలలోనే ఓరియన్ రాత్రి తొమ్మిది, పది గంటలకు నడినెత్తికి వస్తుంది. పంచాంగంలో అమావాస్య చూసుకుని, దానికి ముందో వెనకో ఒక రాత్రి ఊరి వెలుగు దాటి వెళ్లండి. కాళ్లకు బూట్లు, టార్చికి ఎర్ర కాగితం మరిచిపోకండి. బ్యాటరీలు రెండు తీసుకెళ్లండి, చలికి ఒకటి చాలదు.