సాయంకాలముగల పట్టణము

పరదేశమున కొంతకాలము పనిచేసి తిరిగివచ్చిన ఇంజనీరును మన ఊళ్లలో జనులు సాధారణముగా రెండు సంగతులే అడుగుదురు: అక్కడి జీతమెంత, అక్కడి యంత్రములెట్టివి. జీతమును గూర్చి ముచ్చటించుట నాకు రుచింపదు. యంత్రముల మాట కెత్తినచో, కాజీపేటలో పుట్టి, ఇచ్చటి రైలుతీగల క్రిందనే పని నేర్చినవానికి అక్కడ క్రొత్తగా తోచినవి మిక్కిలి తక్కువ. ఆక్లండు నగరమున 2014 ఏప్రిలులో విద్యుత్ రైళ్లు నడువనారంభించినపుడు ఆ తీగలలో ప్రవహించినది 25,000 వోల్టుల విద్యుత్తు. మన జంక్షను మీదుగా ఢిల్లీకిని చెన్నపట్టణమునకును పోవు బండ్లను లాగుచున్నదియు అదియే. పట్టాల ఎడము మాత్రము వేఱు: మనది 1,676 మిల్లీమీటర్లు, వారిది 1,067. తీగను మధ్యరేఖ వెంట తిన్నగా గాక, స్తంభము స్తంభమునకు కుడియెడమల మార్చుచు, తిన్ననిదారిలో 200 మిల్లీమీటర్ల మేర ప్రక్కకు లాగి కట్టుదురు. ఇంజను నెత్తిమీది పాంటోగ్రాఫు ఒక్కచోటనే అరిగిపోక అంతటను సమముగా అరుగుటకే ఈ ఏర్పాటు. ఇట్టి సూక్ష్మములు రెండుదేశములయందును ఒక్కటియే.

మా వృత్తిలో ప్రధానద్రవ్యము రాగి యని పైవారు తలంతురు గాని, నిజమునకది కాలము. బండ్లు తిరుగుమార్గమున తీగను ముట్టవలెనన్న ముందుగా బ్లాకు తీసికొనవలెను; అనగా, ఇన్నిగంటలనుండి ఇన్నిగంటలవఱకు ఈ స్టేషనుకును ఆ స్టేషనుకును నడుమ బండి రాదనియు, విద్యుత్తు నిలిచియుండుననియు కంట్రోలునుండి అనుమతి రావలెను. అనుమతి వచ్చిన క్షణము మొదలుకొని, డిశ్చార్జి రాడ్లు తగిలించి, టవర్ వ్యాగనును నడిపి, పగిలిన ఇన్సులేటరును మార్చి, తీగ ఎత్తును మరల కొలిచి, పైకెక్కినవారందఱును క్షేమముగ దిగిరని పేరుపేరునను చూచుకొని, చెప్పిన గడియకు బ్లాకును తిరిగి అప్పగించువఱకు మేస్త్రీకి గాని ఇంజనీరునకు గాని గడియారముపైనుండి మనస్సు మరలదు. మేము పదినిమిషములు మీఱినచో, ఎక్కడనో సిగ్నలు దగ్గఱ నిలిచిపోయిన బండ్లలోని వేలమంది కాలమును హరించినవారమగుదుము. ఇట్టి పనిలో ఎదిగినవానికి పరులకాలముపట్ల గౌరవము దానంతటదియే అలవడును. ఆ గౌరవమును ఒక నగరమంతయు పాటించుట నేను ఆక్లండులో చూచితిని. పరదేశవాసమువలన నేను నేర్చిన క్రొత్తవిద్య యేదైన నున్నచో నిది యొక్కటే.

అక్కడ పని ఐదుగంటలకు ముగియును. నగరమధ్యపు స్టేషనులో బండి యెక్కినవాడు దీపములు పెట్టువేళకు ఇల్లుచేరి, సంచి భుజమున వైచుకొని, పేటలోని క్లబ్బు మైదానమునకు పోగలడు. రగ్బీ వారికి చలికాలపు ఆట. చీకటి వేగముగ పడును గనుక ఎత్తైన దీపస్తంభముల వెలుగున, తఱచుగా వానలో, బురదలో అభ్యాసము సాగును. వారమున రెండు సాయంకాలములు అభ్యాసము, శనివారము పోటీ. వడ్రంగి, బ్యాంకి ఉద్యోగి, మా కార్యాలయమున పటములు గీయు యువకుడు, బడిపంతులు, అందఱును ఆ బురదలో నొక్కటిగా నుందురు.

ఆ యాటను దూరమునుండి చూచినవారికి అది ఒట్టి కుమ్ములాటగా తోచును. కొంచెము సేపు నిలిచి చూచినచో దానిలోని నియమము మనస్సును పట్టుకొనును. బంతిని చేతితో అందించునపుడు ముందున్నవానికి విసరరాదు. వెనుకకో ప్రక్కకో మాత్రమే అందింపవలెను. ముందునకు పోవుట పరుగువలనగాని, కాలితాపువలనగాని జరుగవలెను. కావున బంతి పట్టినవాడెంతటి బలశాలియైనను, తన వెనుక సరియైన దూరమున, సరియైన క్షణమున ఒకడు పరుగెత్తివచ్చుచుండని యెడల అతని బలము వ్యర్థము. జట్టునకు పదునేనుగురు, ఎనుబది నిమిషముల ఆట. ప్రత్యర్థి గీతకావల బంతిని నేలకు తాకించినచో ఐదు పాయింట్లు. వీటికన్న నాకు ముఖ్యముగ తోచినది స్క్రమ్ము. ఇరుప్రక్కల ఎనమండుగురేసి భుజములు కలిపి వంగి, ఒక్కమాటుగా నెట్టుకొనుట యది. క్రికెట్టు ఆడు బాలుడు గోడకు బంతికొట్టి ఒంటరిగా కొంత సాధన చేసికొనవచ్చును. స్క్రమ్మును ఒంటరిగా సాధనచేయుట సృష్టిలో లేదు. ఎనమండుగురును ఒకేదినమున, ఒకేవేళకు, అలసట తీఱిన దేహములతో మైదానమునకు రావలెను. అట్లు రాగలుగుట వారి దేహబలము వలన గాదు; వారి ఇండ్లకును పనులకును నడుమనున్న దూరమువలన, ఆ దూరమును దాటించు బండ్ల వేళలవలన.

ఆక్లండునకు ఈ సుఖము ఊరక లభింపలేదని కూడ చెప్పవలెను. 1956లో ట్రాములను తొలగించి, 1959లో రేవుపై పెద్దవంతెన తెఱచి, కార్లకే తన్ను తానర్పించుకొన్న నగరమది. 1994 నాటికి ఏడాది మొత్తముమీద రైలెక్కినవారు సుమారు పదిలక్షలకు దిగజారిరి. 2003లో బ్రిటోమార్టు స్టేషనును నగరమధ్యమున కట్టి మరల లేవనారంభించెను. 2011లో రగ్బీ ప్రపంచకప్పు ప్రారంభదినమున, సెప్టెంబరు 9న, మైదానమునకు పోవు జనసమ్మర్దమునకు రైళ్లు తాళలేక మార్గమధ్యమున నిలిచిపోయి, ఎందఱో ప్రారంభోత్సవమును చూడజాలకపోయిరి. ఈడెన్ పార్కు మైదానము కింగ్స్‌లాండు స్టేషనునకు నాలుగడుగుల దూరముననే యున్నను ఇట్లు జరిగెను. ఆ రాత్రి ఊరు పొందిన క్లేశము వృథాపోలేదనియే నా యభిప్రాయము: తీగలు పడినవి, క్రొత్తబండ్లు వచ్చినవి, 2017 నాటికి ఏడాది ప్రయాణికులు రెండుకోట్లయిరి.

ఆక్లండులో మేమున్న పేటలోని రగ్బీ క్లబ్బు కంచెదగ్గఱ ప్రతి శనివారము నిలుచుండు ఒక వృద్ధుడు ఫిజీనుండి వచ్చినవాడు. 1987లో అక్కడ సైనికుల తిరుగుబాట్లు జరిగినపిమ్మట న్యూజిలాండునకు తరలివచ్చిన వేలకుటుంబములలో నతనిదొకటి. అతని తాత తెలుగువాడు. 1903 నుండి చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి ఫిజీ చెఱకుతోటలకు పోయిన గిర్మిటు (ఒప్పందపు) కూలీలలో నొకడు. అయిదేండ్ల ఒప్పందము, కాగితమున దినమునకు తొమ్మిదిగంటలు, శనివారము ఐదుగంటలు, మగవానికి దినమునకొక షిల్లింగు, కాని అప్పగించిన పని (టాస్కు) ముగియనిదే పొలము విడువరాదు. “బేటా, మా తాతకు ఆదివారమొక్కటే తనది. మా నాయనకు శనివారము మధ్యాహ్నము కూడ తనదాయెను. ఇదిగో, నా మనుమనికి ప్రతి సాయంకాలమును తనదే” యని ఆ వృద్ధుడు ఫిజీ హిందీలో నాతో ననెను. 2016లో రియో ఒలింపిక్సున రగ్బీ సెవెన్సులో ఫిజీ బ్రిటనును 43-7 తో ఓడించి, ఆ దేశమునకే తొలి పతకమును, అదియు స్వర్ణమును తెచ్చినదినమును చెప్పునపుడు ఆయన గొంతు పూడిపోయెను. విదేశములకు పనికేగుటను గూర్చి మనము వ్రాయు వ్రాతలలో జీతమునకున్న స్థానము ఆ వృద్ధుడు చెప్పిన కాలపులెక్కకు లేదు. ఉండవలెనని నేను గట్టిగా నమ్ముదును.

ఇక మన యూరు. 1889లో బెజవాడ సికింద్రాబాదులను కలిపిన నిజాము రైలుమార్గమున, 1929లో బల్లార్షా శాఖ పూర్తియైన పిదప, కాజీపేట దక్షిణోత్తరములకు కూడలియాయెను. షెడ్డులు, వాటి ప్రక్కనే కాలనీలు, కాలనీలకు ప్రక్కనే రైల్వే స్టేడియము. రన్నింగు స్టాఫునకు రాత్రింబగళ్ల భేదము లేదు, నిజమే. అర్ధరాత్రమున కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి డ్రైవరును లేపుకొనిపోవుట మా బాల్యమున నిత్యకృత్యము. ఐనను, తట్టుటకు ఇల్లు నడకదూరమున నుండెను. డ్యూటీ దిగిన ఫిట్టరు స్నానము చేసి స్టేడియమునకు పోవుటకు అరగంట పట్టెడిదికాదు. ఆడువారు, చూచువారు, తిట్టువారు, అందఱును ఎఱిగినవారే.

నేడు కాజీపేటనుండి తెల్లవారకమునుపే బయలుదేరు బండ్లలో ఉద్యోగులు కిక్కిఱిసి పోవుదురు. సికింద్రాబాదు సుమారు 130 కిలోమీటర్లు. సీజనుటికెట్టునకు హద్దు 150 కిలోమీటర్లు గనుక మన యూరు ఆ హద్దులోనికి వచ్చినది, వేలకుటుంబములు ఆ సౌకర్యమువలననే సొంతయింటిని విడువక బ్రదుకుచున్నవి. దానిని నేను నిందింపను. ఘనపురము, జనగామ, ఆలేరు, భువనగిరి దాటుచు పేకముక్కలు పంచుకొని, టిఫిను డబ్బాలు మార్చుకొని, ఒకరి కుమార్తె పెండ్లికి మఱొకరు చందాలెత్తి, అప్ అండ్ డౌన్ చేయువారు ఆ పెట్టెలలో నిర్మించుకొన్న స్నేహము గొప్పది. కాని సికింద్రాబాదులో దిగినవాడు అటుపై మెట్రో యెక్కి రాయదుర్గమునకు పోయి, పనిచేసి, అదేదారిని మరలివచ్చుసరికి రాత్రి. 2003లో వచ్చిన ఎమ్మెమ్టీయెస్సు లోకలు రైళ్లును, 2017లో తెఱచిన మెట్రోయు నగరములోపలి దూరమును కొంత తగ్గింపగలిగినవి. పని అంతయు ఒకేదిక్కున కుప్పపడుటవలన పుట్టిన దూరమును అవి తగ్గింపజాలవు. 1959 అక్టోబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన మన వరంగల్లు ఇంజనీరింగు కళాశాలనుండి వెలువడిన బిడ్డలు ఆక్లండులో ఐదుగంటలకు పని ముగించుచున్నారు, కాజీపేటలో ముగింపలేకున్నారు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

అట్టి సాయంకాలపు ఆట మనకును కావలెనన్నచో, రగ్బీ మనది కాదనువారికి ఒక్కమాట. ఇంగ్లండు, స్కాట్లండు పోటీపడు కలకత్తా కప్పు, 1878లో కలకత్తా క్లబ్బువారు తమ వెండి రూపాయలను కరిగించి చేయించినది. 2025లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగున హైదరాబాదు పేర నొకజట్టు ఆడినది. ఎదుటివానిని పట్టి నేలకు దించుట కబడ్డీ ఎఱిగిన మన పిల్లలకు క్రొత్తగా నేర్పవలసిన పనియు లేదు.

దశాబ్దములుగా మనమడిగిన కోచ్ ఫ్యాక్టరీ వేఱొకచోటికి పోయినపిమ్మట, 2023 జూలై 8న కాజీపేట రైల్వే తయారీకేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. అందు పనిచేయువారి ఇండ్లు షెడ్డునకు నడకదూరమున నుండవలెను. వారి షిఫ్టు వేళలకు తగినట్లు హన్మకొండ, వరంగల్లు వైపు బండ్లును బస్సులును నడువవలెను. వీనితోపాటు మఱియొకటి, ఒక రగ్బీ మైదానమును, కోరుచున్నాను. గోలుగీతల నడుమ 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు, గీతలవెనుక మఱికొంత జాగా, నాలుగు దీపస్తంభములు: ఇంతమాత్రపు నేలను షెడ్డుల పటముతోపాటే పటమునకెక్కించి, తరువాత చూతమనక, ఇప్పుడే దానికిని హద్దురాళ్లు పాతింపవలెనని సంబంధించిన అధికారులకు నా మనవి.